మా ఆటలో ఎవరూ చావరు

కోటలు కట్టి, గుర్రాల మీద యుద్ధాలు చేసే పాత కంప్యూటర్ ఆట ఒకటుంది. జనగామ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు నేనూ మా దోస్తూ ఇంటర్నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్లం. ముప్ఫై దాటాక మళ్లీ దాని మీద పడ్డాం, ఈసారి ఆడటానికి కాదు, విప్పడానికి. ఆట ఇంజన్ని అలాగే ఉంచి బొమ్మలూ మాటలూ ఊళ్లూ మొత్తం మార్చేసే పిచ్చివాళ్లు లోకమంతా ఉన్నారు. ఆ పనిని టోటల్ కన్వర్షన్ అంటారు. మా ఇంట్లో మాత్రం పనీపాటా లేకపోవడం అంటారు.

దోస్తుకి జనగామలో ఫ్లెక్సీలు వేసే దుకాణం ఉంది. పెళ్లి ఫ్లెక్సీలు చేసిన చేత్తోనే కోటలను పత్తి కుప్పలుగా, గుర్రాలను బర్రెలుగా మార్చేశాడు. శత్రువులెవరో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. కోతులు. మా ఊరు మొగుళ్లపల్లిలో మక్కచేను మీద పడే మందను చూసినవాడెవడూ వేరే శత్రువుని వెతకడు.

ఇక గొంతులు. ఆటలో మనిషి మీద నొక్కితే పలకాలి, పని చెబితే జవాబివ్వాలి. సినిమాల్లో మా మాటను ఎప్పుడూ నవ్వులాటకే వాడుకోవడం చూసి చూసి నాకు ఒళ్లు మండేది. మా ఆటలో ఊరంతా మా మాటే మాట్లాడాలి. అందులో పత్తి ఏరే ఆమెకు మా అవ్వ గొంతే ఉండాలి. అవ్వ అంటే మా అమ్మే. ఆమె గొంతు లేకపోతే ఈ ఆటే వద్దని దోస్తుతో తెగేసి చెప్పాను.

దోస్తు దుకాణం తమ్ముడికి అప్పగించి నాలుగు రోజులు మా ఊరొచ్చాడు. అవ్వ మొదట సిగ్గుపడింది, తర్వాత ఫోన్లో రికార్డింగ్ పెడితే ముందు కూర్చుని గడగడా చెప్పేసింది. "ఏంది?" "జర ఆగు." "గిప్పుడే వస్తున్న." ఒక్క "పోతున్న" దగ్గరే మొండికేసింది.

"ఉత్తగ పోతున్న అని ఎవలన్న అంటరార? పోయొస్త అంటరు."

సరే, అదే పెట్టాం.

తప్పు మరునాడు చేశాం. ఆటలో మనిషి చచ్చినప్పుడు ఒక ఏడుపు కావాలి. అవ్వ పత్తికి పోయింది కదా అని, ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరికేసి, దోస్తు "అయ్యో అవ్వా" అని రాగం తీసి శోకం పెట్టాడు. బాగా వచ్చింది. మరీ బాగా వచ్చింది. మూడోసారికి వాకిట్లో పదిమంది ఆడవాళ్లు, నోట్లో కొంగులు. ఎవరో చేనుకి ఫోన్ చేస్తే, పోయిందనుకున్న అవ్వే ఎత్తింది. ఆటో దిగి ఉరికొచ్చి, మా ఇద్దరినీ చూసి ముందు ఏడ్చింది. తర్వాత చీపురు అందుకుంది.

"సావు లేని ఇంట్ల శోకం పెడ్తర్రా? తానం చెయ్యున్రి!"

ఇద్దరినీ బోరు దగ్గర నిలబెట్టి నెత్తి మీద బకెట్లు కుమ్మరించింది. ల్యాప్‌టాప్ మీద పసుపునీళ్లు చల్లబోతే దోస్తు తడిబట్టలతోనే అడ్డం పడ్డాడు. చివరికి దాని మూతకి పసుపుబొట్టు పెట్టి వదిలేసింది. "నా మాటలన్ని తీసెయ్. గా ఆటల నేనుండ," అంది. నాకు నవ్వు ఆగలేదు, కానీ ఆమె గొంతు తీసేస్తే ఆటే ఉండదు. రెండేళ్ల పని అది.

మర్నాడు పొద్దున దోస్తు చాయ్ గ్లాసు పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. "గల్తీ అయింది అవ్వా. మా అమ్మీ గూడ ఫోన్ల తిట్టింది. ఇప్పుడు ఎట్ల చెయ్యాల్నో నువ్వే చెప్పు."

"ఆటల మనిషిని ఎవలు సంపుతరు?"

"కోతులు."

అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "కోతి కరిస్తె మనిషి సస్తడార? దవాఖానకు పోయి సూది ఏయించుకొని రాడా?"

ఇంత తెలివి మాకు రెండేళ్లుగా ఎందుకు లేదో! చావు పీకేసి దవాఖాన కట్టాం. కోతి కరిచిన మనిషి "పోయొస్త" అని లోపలికి నడుస్తాడు, కాసేపటికి బయటికొస్తాడు. రెండు వారాల తర్వాత అది తెచ్చి అవ్వకు చూపించాం. తన గొంతుతో ఉన్న ఆమె దవాఖానలోకి పోవడం, రావడం కళ్లప్పగించి చూసింది.

"మరి తిరిగొచ్చినంక ఏమనదా?"

మేం ఏమీ రాసుకోలేదు. పాత ఆటలో పోయినవాళ్లు తిరిగి రారు కాబట్టి ఆ మాటకు చోటే లేదు. అవ్వ ఫోన్‌ను దగ్గరికి లాక్కుని, ఎవరూ చెప్పకుండానే అంది:

"వచ్చిన బిడ్డా. అన్నం తిన్నవా?"

ఆ మాట కూడా చేర్చి ఆటను నెట్లో పెట్టాం. ఓడిపోవడమే లేకపోతే అదేం ఆటని మహబూబాబాద్ నుంచి ఒకతను రాశాడు. నిజమే. నేనిప్పుడు అవ్వను ఊళ్లో వదిలి జనగామలో ఒక్కణ్నే ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం వచ్చాక కాసేపు ఆడతాను. చేతికి కర్ర ఇచ్చి కాపాడే వీలున్నా, ఆ పత్తి ఏరే ఆమెను కావాలనే కోతులకు వదిలేస్తాను.