ఇంజన్ తాగిన పెట్రోలు

అప్పుడు నేను లక్సెట్టిపేటలో ఒక దొర పాత కారుకు డ్రైవర్ని. కారు వారం నుంచి పెట్రోలు ఊరికే తాగుతూ, మాటిమాటికి ఆగిపోతుండె. ఒకనాడు అంగడి నడుమ ఆగింది. “పెట్రోలు అమ్ముకుంటున్నవురా దొంగా!” అన్నడు దొర. అందరూ నవ్విండ్రు.

బడికి పోకున్నా ఇంజన్లు విప్పి నేర్చుకున్నోణ్ణి. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ తీసిన. పొయ్యకుండనే ఆయిల్ గీత దాటింది, పెట్రోలు వాసన గుప్పుమంది. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపులోని పొర చినిగి, పెట్రోలు ఆయిల్లోకి కారుతుంది!

కడ్డీ దొర ముక్కు కాడ పెట్టిన. “దొంగ గీ పంపు దొరా, వాసన చూడుండ్రి.”

“సరే, జల్దీ బాగుచెయ్యి.”

“నేను దొంగను కానని గీ మంది ముందల చెప్పుండ్రి. గప్పటిదాకా పానా చేత పట్టను.”

పంపు తప్పు పట్టడానికి నాకు రెండు నిమిషాలు చాలినయి. ఆ ఒక్క మాట చెప్పడానికి దొరకు పొద్దుగూకింది.