ఏసోబు గారి ఇంట్లో కేబుల్ తీసేశాక

ఎదురింటి డాబా మీద ఎవరో డిష్ తిప్పుతున్నారు. సిగ్నల్ పట్టే మీటరు కీ... కీ... అని ఆగి ఆగి మోగుతోంది. దిక్కు కుదిరేకొద్దీ ఆ కూతలు దగ్గరపడి, చివరికి ఒకటే సన్నని ఈలగా మారతాయి. ఆ ఈల కోసం ఎదురుచూస్తూ కిటికీ దగ్గరే నిలబడిపోయాను. చేతిలో టీ చల్లారిపోయింది. నిన్ననే మా ఇంట్లోనూ కేబుల్ తీసేయించాం. పిల్లలు చూసేదేదో ఫోన్లలో చూసుకుంటున్నారు, మా ఆయనకు పేపరుంటే చాలు, హాల్లో ఆ నల్ల డబ్బా దుమ్ము పట్టడానికి తప్ప ఎందుకూ పనికి రావడం లేదు. మెకానిక్ వైరు చుట్టుకుని వెళ్ళిపోయాక గోడకు మిగిలిన రంధ్రం చూస్తుంటే ఏసోబు గారు గుర్తొచ్చారు. తెల్లవారగానే ఈ మోత. ఇక ఆయన గురించి రాయకుండా ఈ రోజు గడిచేలా లేదు.

నేను ఎమ్మెస్సీ బోటనీలో చేరిన ఏడాది క్యాంపస్ హాస్టల్లో సీటు దొరకలేదు. తార్నాకలో ఒక పాత డాబా ఇంటి మీద ఒంటి గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటి యజమానే ఏసోబు గారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే మేస్త్రీ అయి, అక్కడే రిటైరైన మనిషి. ఆయన భార్య సువార్తమ్మ గారు. నేను ఇద్దరినీ అంకుల్, ఆంటీ అనేదాన్ని. నా గది చూపించిన రోజు ఆయన తలుపు గొళ్ళెం మూడుసార్లు వేసి తీసి, "ఒక నూలు పక్కకున్నది, రేపు సరిజేస్త" అన్నారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆయన లోకంలో తప్పులన్నిటినీ కొలిచే కొలత అదే. అన్నం ఒక నూలు మెత్తనైనా, పాస్టరు గారి ప్రసంగం ఒక నూలు పొడుగైనా ఆయనకు తెలిసిపోయేది.

ఆ ఇంటి హాలు సాయంత్రమైతే చిన్న సైజు స్టేడియం. క్రికెట్ మ్యాచ్ ఉంటే కింది వాటా వాళ్ళు, పక్కింటి వాళ్ళు, ఎదురు సందులో ఇస్త్రీ చేసేవాళ్ళు అందరూ అక్కడే. ఏసోబు గారు టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, అంపైరు కంటే ముందు తీర్పు చెప్పేవారు. అంత దగ్గరగా ఎందుకు కూర్చుంటున్నారో మాలో ఎవరికీ తట్టలేదు. ఆయనకు నీటికాసుల జబ్బు. చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తోంది. ఆంటీకి కూడా చెప్పకుండా చాలాకాలం దాచారని తర్వాత తెలిసింది. చివరికి ఒక రోజు నిండు మ్యాచ్‌లో, అవుటైపోయి వెనక్కి నడుస్తున్న వాణ్ణి చూసి "పరుగు తీస్తుండు, తీస్తుండు!" అని అరిచారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ వారమే కేబుల్ చూసే ఖలీల్ భాయ్‌ని పిలిపించి కనెక్షన్ తీసేయమన్నారు.

"ఏంది సాబ్, నా మీద కోపమొచ్చిందా?" అన్నాడు ఖలీల్ భాయ్.

"కోపం కాదు. బొమ్మ నాకు కనపడదు. మీ ఆంటీకి సీరియళ్ళంటే పడదు. కనపడని బొమ్మకు నెలనెలా పైసలెందుకు దండుగ? తీసేయ్."

ఖలీల్ భాయ్ వైరు పీకి, చుట్టచుట్టి, వెళ్ళలేక వెళ్ళినట్టు వెళ్ళాడు. ఏసోబు గారు తన కుర్చీని ఎత్తుకుపోయి వెనక వరండాలో, నీళ్ళ ట్యాంకు గోడకు ఎదురుగా వేసుకున్నారు. అప్పటి నుంచీ సాయంత్రాలు ఎవరూ పెద్దగా రాలేదు. వచ్చినా ఆయన "బాగున్నరా" అని మళ్ళీ గోడ వైపు తిరిగేవారు. నాలుగు రోజులు చూసి సువార్తమ్మ ఆంటీ నా గదికి వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఆయన బంద్ చేసింది కేబుల్ కాదు బిడ్డా. మనుషులనే బంద్ చేసిండు. ఇట్లనే వదిలేస్తే ఆ గోడ కాడనే అయిపోతడు" అంది. గట్టిమనిషి ఆవిడ. ఆ రోజు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తనే అంది: "పైసలు దండుగ అన్నడు కదా. పైసలు అడగని టీవీ తెస్తే అప్పుడేమంటడో చూద్దాం."

చందా కట్టనక్కర్లేని ఉచిత డిష్ ఒకటి ఉంటుందని నేనే చెప్పాను. ఆంటీ చెల్లెలు వాళ్ళు మెట్టుగూడ క్వార్టర్స్ ఖాళీ చేస్తూ వదిలేసిన డిష్ దొరికింది. సిగ్నల్ మీటరు కోసం ఆంటీ ఎవరిని అడిగిందనుకున్నారు? ఖలీల్ భాయ్‌నే. "నా గిరాకీ నేనే పోగొట్టుకునేటందుకు నా మీటరే ఇయ్యాల్నా ఆంటీ?" అని నవ్వుతూనే తెచ్చిచ్చాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆంటీ, నేనూ డాబా ఎక్కాం. దిక్కు ఎలా తెలుస్తుంది? పక్కింటి డాబా మీద డిష్ ఉంది కదా, అది ఎటు చూస్తే మనదీ అటే అనుకున్నాం. బోల్టులు బిగించాం. మీటరు కీ... కీ... అంటూ ముసలి కోడిలా ఆగి ఆగి కూస్తుందే తప్ప ముందుకు పోదు. గంటసేపు ఎండలో మాడాం.

కింది నుంచి కేక వినిపించింది. "ఎవరది పైన? ఏం చేస్తున్నరు?"

మేం బదులు చెప్పేలోగా ఆయనే మెట్లెక్కుతున్న చప్పుడు. ఒక చేయి గోడ మీద, నోట్లో మెట్ల లెక్క. పద్దెనిమిదో మెట్టు దగ్గర ఆగి, "ఎటు దిక్కు పెట్టిండ్రు?" అన్నారు.

"పక్కింటోళ్ళది ఎటుంటే అటే అంకుల్."

"వాళ్ళది వేరే కంపెనీ. అది చూసేది ఒక కాడికి, ఇది చూసేది ఇంకో కాడికి. పక్కోని పేపర్ చూసి పరీక్ష రాసినట్టున్నది నీ యవ్వారం."

డిష్ అంచును రెండు చేతులతో తడిమి పట్టుకున్నారు. బోల్టు సగం వదులు చేయించారు. "ఇగ మీరిద్దరు మాట్లాడకుండ్రి" అని, తల ఒక పక్కకు వంచి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టారు. కూతలు దగ్గరపడ్డాయి. మళ్ళీ దూరమయ్యాయి. వెనక్కి తెచ్చారు. ఇంకొంచెం. ఇంకొక నూలు. సన్నని ఈల మొదలై ఆగలేదు. కళ్ళున్న మేమిద్దరం గంటసేపు చేయలేని పని ఆయన చెవులతో పది నిమిషాల్లో చేశారు. "బిగించు" అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు చూసి, ఆంటీ అటు తిరిగి ఆరేసిన బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం కుర్చీ హాల్లోకి వచ్చింది.

వచ్చింది గానీ బొమ్మ మాత్రం కనపడదు కదా. ఆ పని నా నెత్తిన పడింది. డిష్‌లో వచ్చే మ్యాచ్‌లు, వ్యవసాయం కబుర్లు, పాత సినిమాలు. అవి కాక నేను క్యాంపస్ లైబ్రరీలో వైఫై ఉన్న చోట కూర్చుని ఫోన్లో దింపుకొచ్చే చిన్న చిన్న వీడియోలు. అన్నీ ఆయన పక్కన కూర్చుని చెప్పాలి. మొదట్లో నేను చెప్పే తీరు ఆయనకు నచ్చేది కాదు. "చాలా అందంగా ఉంది అంకుల్" అంటే, "అందం సంగతి నేను చూసుకుంట. ఏమున్నదో చెప్పు" అనేవారు. "ఆవిడ బాధగా ఉంది" అంటే, "బాధ ఎట్ల కనపడ్డది నీకు? కండ్లల్లనా, చేతులల్లనా?" అని నిలదీసేవారు. రోజంతా ల్యాబులో నిలబడి వచ్చిన నాకు ఒక్కోసారి చిర్రెత్తుకొచ్చేది. కానీ ఆంటీ ఇచ్చే వేడి వేడి సర్వపిండి ముక్క చేతిలో ఉండేది కాబట్టి ఊరుకునేదాన్ని.

ఒక రోజు ఆయన సంతోషిస్తారని పాత రైలింజన్ల మీద తీసిన వీడియో తెచ్చాను. మొదట్లో బాగానే ఉంది. నల్లటి ఆవిరి ఇంజను, పొగ, చక్రాలు. ఆయన నా మాట పూర్తి కాకముందే ఏ భాగం ఏమిటో చెబుతున్నారు. తర్వాత తెర మీద ఒక పెద్ద షెడ్డు వచ్చింది. అదే ఇంజనును నలుగురు మనుషులు తుక్కు కింద ముక్కలు చేస్తున్నారు. నేను ముందుగా చూసి ఉంటే తెచ్చేదాన్నే కాదు. చెప్పడం ఆపేశాను.

"ఇప్పుడేం చేస్తున్నరు?" అన్నారాయన.

"కడుగుతున్నారు అంకుల్. కడిగి రంగులేస్తున్నారు. మ్యూజియంలో పెడతారనుకుంటా."

ఆయన చేయి చాచి నా ఫోను అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు. "ఇది గ్యాస్ కట్టర్ చప్పుడు బిడ్డా" అన్నారు. "ముప్పై ఏండ్లు నా చెవులల్ల మోగింది. రంగు బుడ్డికి గింత చప్పుడుండదు."

నేను ఫోను కోసం చేయి చాచాను. ఆయన ఇవ్వలేదు.

"నాకు కండ్లు పోతున్నయి గానీ గుండె పోలే. నీ కండ్లు అరువు తెచ్చుకుంటి. అవి గూడ అబద్ధం చెప్తే నాకేం మిగిలింది?"

ఫోను నా ఒళ్ళో పెట్టి లేచారు. కుర్చీ ఈడ్చుకుంటూ వెనక వరండాలోకి వెళ్ళిపోయారు. రెండు రోజులు టీవీ పెట్టలేదు. ఆంటీ ఎప్పటిలాగే సర్వపిండి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. అదే నన్ను ఎక్కువ కాల్చింది. నేను ఆయన మీద దయ చూపించాననుకున్నాను. నిజానికి ఆయనను చిన్నపిల్లవాడిని చేశాను. పరుగు తీస్తున్నాడని అరిచిన రోజు హాల్లో అందరూ నవ్విన నవ్వుకూ, నా అబద్ధానికీ పెద్ద తేడా లేదు. ఇది తెలిశాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మూడో రోజు సాయంత్రం నేనే వరండాలోకి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు పక్కన నేల మీద కూర్చున్నాను. "అంకుల్, మొదటి నుంచి చెప్తాను" అన్నాను. ఆయన వద్దనలేదు. వీడియో పెట్టాను. బాయిలరు పైన ఒక మనిషి నిలబడ్డాడని, మొహానికి గుడ్డ కట్టుకున్నాడని, మంట నీలంగా ఉందని, కోసిన చోట ఇనుము ఎర్రగా కారుతోందని, చక్రం విడిపడి పక్కకు ఒరిగిందని, ఒక ముసలాయన షెడ్డు గుమ్మంలో నిలబడి టోపీ తీశాడని, ఏదీ దాచకుండా చెప్పాను.  ఆయన ముందుకు వంగి, "ఏ కాడ కోస్తున్నడు? రివెట్ల వరుస మీదనా, పక్కకా?" అని అడిగారు. "పక్కకు" అన్నాను. "అట్లనే కొయ్యాలె. పని తెల్సినోడే" అన్నారు తృప్తిగా. వీడియో అయిపోయాక ఆయన లేచి నిలబడ్డారు. "ఇగ కుర్చీ లోపలేద్దాం పట్టు, మ్యాచ్ ఉన్నది" అన్నారు. ఆయన నన్ను క్షమించిన తీరు అంతే.

ఆ వారం ల్యాబులో ఉల్లి వేరు స్లైడు ఇచ్చారు. మా క్లాసులో ఒక అలవాటుండేది. మైక్రోస్కోపులో కన్ను పెట్టినట్టు పెట్టి, పుస్తకంలోని బొమ్మ రికార్డులో దింపేసేవాళ్ళం. పుస్తకంలో కణాలు తీర్చిదిద్దినట్టుంటాయి, మార్కులూ వస్తాయి. ఆ రోజు పెన్సిలు పట్టుకోగానే గ్యాస్ కట్టర్ చప్పుడు చెవిలో మోగింది. పుస్తకం మూసేశాను. కనిపించిందే గీశాను: నలిగిన కణాలు, మధ్యలో గాలి బుడగ, రంగు సరిగా పట్టని ఒక మూల. మేడం ఆ పేజీ దగ్గర ఆగి, "ఇదేంటి, ఇంత వికారంగా ఉంది?" అన్నారు. "నా స్లైడు అలాగే ఉంది మేడం" అన్నాను. ఆవిడ వంగి మైక్రోస్కోపులో చూశారు. తర్వాత అటెండరును పిలిచి నాకు ఇంకో మంచి స్లైడు ఇప్పించారు. ఆ ఏడాది నేను పీహెచ్‌డీ చేస్తానని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. నాకు దారి చూపించింది ఆవిడే. ఆవిడ కంట నేను పడింది మాత్రం ఏసోబు గారి వల్ల.

పెళ్ళయి నాచారం వైపు వెళ్ళిపోయాక కూడా వీలున్నప్పుడల్లా తార్నాక వెళ్ళేదాన్ని. ఆయన చూపు పూర్తిగా పోయింది. హాలు మాత్రం మళ్ళీ నిండింది. కొత్తగా అద్దెకు దిగిన వాళ్ళకు ఒకటే షరతు: వారానికి ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని చెప్పాలి. ఖలీల్ భాయ్ కూడా వచ్చి చెప్పేవాడట, సగం ఉర్దూలో. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన మంచం దిగడం లేదు. నా గొంతు వినగానే చేయి చాచారు. "అందరు బాగున్నవంటున్నరు. నువ్వు చెప్పు. ఎట్లున్న?"

ఆంటీ నా వైపు చూసింది. నేను మంచం పక్కన కూర్చుని ఆయన మొహం నిదానంగా చూశాను.

"చెంపలు లోపలికి పోయాయి అంకుల్. కళ్ళ కింద నల్లగా ఉంది. పెదవులు పగిలాయి. గడ్డం కుడివైపే గీశారు, ఎడమవైపు అలాగే ఉంది."

 ఆయన ఎడమ చెంప తడిమి చూసుకుని, పకపకా నవ్వారు. "సువార్తా! ఆ మంగలోడు సగం పని చేసి పోయిండు, నువ్వు గూడ చెప్పకపోతివి. బ్లేడు తే" అన్నారు. నీళ్ళ గిన్నె పట్టుకుని నేను కూర్చున్నాను, ఆంటీ గీసింది. రెండు వారాలకు ఆయన పోయారు. శవపేటికలో రెండు చెంపలూ నున్నగా ఉన్నాయి. అందరూ ఏడుస్తుంటే నేను అదే చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ ఆయన తలపుకొస్తే నాకు దుఃఖం కంటే కృతజ్ఞతే ముందు పొంగుతుంది.

ఎదురింటి మీటరు ఈల వేసింది. దిక్కు కుదిరినట్టుంది. నేను బస్సెక్కి క్యాంపస్‌కు వచ్చేశాను. ఇప్పుడు అదే ల్యాబులో పాఠం నాది. మొదటి బెంచీలో ఒకమ్మాయి రికార్డులో కణాలు ముత్యాల్లా గీసింది. ఒళ్ళో తెరిచిన పుస్తకం ఉంది. తిట్టాలనిపించలేదు. పుస్తకం తీసి పక్కన పెట్టి, ఆమె దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

"నాకు కనపడదు అనుకో బిడ్డా" అన్నాను. "ఏమున్నదో చెప్పు."