పద్మమ్మత్త తలనొప్పి బిళ్ళలు

తెల్లవారగానే రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి, ఉప్పు వేసి, పెద్ద గిన్నెతో పక్కగుమ్మం దగ్గర పెట్టడం నా మొదటి పనిగా ఉండేది. మా అత్త పద్మమ్మ దగ్గరికి బిళ్ళలకోసం వచ్చేవాళ్ళకు ఆ అన్నం. ఇప్పుడు ఎవరూ రారు. చిన్న గిన్నెలో మా ఆయనకూ నాకూ సరిపడా కలిపి మూత పెట్టేస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన యేడు నేను ఆళ్ళగడ్డలో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ముందువైపు అంగడి, వెనకవైపు ఇల్లు. అంగట్లో మా ఆయన లక్ష్మీనారాయణ ఉప్పూ పప్పుతోబాటు నొప్పులకూ జ్వరానికీ వేసుకునే బిళ్ళలు కూడా అమ్మేవారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, అడిగినవాళ్ళకల్లా ఇవ్వడమే. చేతిలో దుడ్లు లేనివాళ్ళు మాత్రం పక్కగుమ్మానికి వచ్చేవాళ్ళు. అక్కడ అత్త రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉండేది.

ఆమె నోటికి ఊరంతా భయపడేది, అయినా వచ్చేది. ఒకసారి శనగ చేలో పనిచేసే గురవయ్య జ్వరంతో వణుకుతూ వచ్చి చెయ్యి చాపాడు.

"తిన్న్యావా?" అంది అత్త.

"నోరు చేదమ్మా. బిళ్ళ ఇయ్యి, పోతా."

"నీకేమన్నా పెండ్లి విందు పెడతాండానా? ఇంత మజ్జిగన్నం తాగు. వట్టి కడుపులో బిళ్ళ పడితే నిప్పు పడినట్లే."

"నీ తిట్లకే పోయేట్లుంది జొరం."

"పోనీలేప్పా, నాకు బిళ్ళ మిగులుతాది."

అన్నం తిన్నాకే బిళ్ళ ఇచ్చింది. ఎవరికైనా అంతే.

అంత తెలిసిన మనిషి కార్తీక సోమవారాల్లో తన సంగతి మరిచేది. మా ఇంట్లో ఆ రోజు ఒక్కపొద్దు. పొద్దున్నే పొయ్యి అలికి ముగ్గేస్తే, చుక్క పొడిచేదాకా ముట్టించకూడదు. అన్నం లేదు, కాఫీ లేదు. మధ్యాహ్నానికల్లా ఆమెకు తల పగిలిపోయేది. బిళ్ళ మింగేది. తగ్గకపోతే ఇంకొకటి. మందు అన్నం కాదు గనుక ఒక్కపొద్దు చెడదని మా ఆడవాళ్ళందరి నమ్మకం. ఒక్కపొద్దుతో వచ్చే తలనొప్పికి ఒక్కపొద్దు విడవకుండా మందు. రానురాను శనివారాలు, ఏకాదశులు కూడా అట్లాగే నడిచాయి.

"అత్తా, గురవయ్యకు చెప్పిన మాట నీకు గాదా?" అని అడిగాను.

"వాడు ఒక్కపొద్దుండాడా ఏమి? పోమ్మే! స్వామి నా కడుపులో దూరి బిళ్ళలు వెదకతాడా?" అని నవ్వింది.

తర్వాత కడుపులో మంట మొదలైంది. మంటకు సోడా ఉప్పు నీళ్ళు తాగేది, తలనొప్పికి బిళ్ళ మింగేది. దొడ్డికి నల్లగా పోతోందని సిగ్గుపడి, ఆసుపత్రికి పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. పోయిన కార్తీకంలో నెత్తురు కక్కింది. నంద్యాల బస్సులో నా ఒళ్ళో తల పెట్టుకుంది. శిరివెళ్ల దాటేసరికి ఆమె చేతులు మంచులా ఉన్నాయి. మరునాడే పోయింది.

ఆసుపత్రిలో డాక్టరు దేవసహాయంగారు మమ్మల్ని కోప్పడలేదు. "బిళ్ళ మంచిదేనమ్మా. నొప్పికీ జ్వరానికీ పనిచేస్తుంది. కాని పరగడుపున పడితే కడుపు లోపలి పొరను తినేస్తుంది. అంగట్లో దొరుకుతుంది గదా అని మాటిమాటికీ మింగేది కాదు. కడుపులో మంట ఉన్నవాళ్ళు అసలు ముట్టకూడదు. నల్లగా పోతే ఆ రోజే రావాలి," అన్నారు.

మొన్న కార్తీక సోమవారం సంజామల నుంచి ఆడబిడ్డ సుబ్బలక్ష్మి వచ్చింది. తల్లి పేర ఒక్కపొద్దు పట్టింది. నేను పొయ్యి అలికి ముగ్గేశాను. మధ్యాహ్నం తలకు గుడ్డ బిగించుకొని వంటింట్లోకి వచ్చింది.

"వదినా, అమ్మ డబ్బా యాడ పెట్టినావు?"

"కడుపులో ఎట్లుంది నీకు?"

"రోంత మంట. ఈ మధ్య ఉంటానే ఉంది. దాని సంగతి యాడిదిలే, ముందు బిళ్ళ ఇయ్యి."

డబ్బా దించలేదు. ముగ్గు మీదనే పుల్లలు పేర్చి పొయ్యి ముట్టించాను.

"ఏందది! సోమవారం పొయ్యి ముట్టిస్తాండావా?"

"మీ అమ్మ ఎవురికన్నా అన్నం పెట్టకుండా బిళ్ళ ఇచ్చిందా?"

"ఈ ఒక్కపొద్దు అమ్మ కోసమే గదా వదినా పట్టింది!"

"నేను వండేదీ ఆమె కోసమే. మంట ఉన్నెప్పుడు నీకు తిన్నా బిళ్ళ లేదు. రేపు నంద్యాలకు పోదాం, డాక్టరుకు చూపిద్దాం."

"అమ్మ పోయినా, ఆమె నోరు నీకిచ్చి పోయింది," అని కండ్లు తుడుచుకుంటూ కూర్చుంది. అన్నంలో మజ్జిగ పోసి కలిపి పెట్టాను. రెండు ముద్దలు మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత గిన్నె ఖాళీ చేసింది. కాసేపటికి తలగుడ్డ తానే విప్పేసింది.

వంట ముగిశాక పొయ్యి మళ్ళీ అలికి ముగ్గు పెట్టాలి. అలికితే ఇక చుక్క పొడిచేదాకా అందులో నిప్పు వెయ్యకూడదు. పేడ కలిపిన నీళ్ళు పక్కనే ఉన్నాయి. సుబ్బలక్ష్మికి మళ్ళీ ఆకలేస్తుందేమో. నేను అలకలేదు.