గోడకి లైనింగ్ వేసిన మా అత్తయ్య

మా అత్తయ్యకి లోకంలో ఏది పాడైనా బట్టలాగే కనిపిస్తుంది. మనిషి చిక్కిపోతే "వదులైపోయాడు" అంటుంది. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటే "కుట్టు ఊడింది, అంతే" అంటుంది. అలాంటి మనిషి ఇంటి గోడ జోలికి పోతే ఏమవుతుందో చెప్తాను.

మాది పాత పేటలో ఎర్ర ఇటుకల మేడ. ఎవరి తాతలు కట్టారో మాకే సరిగ్గా తెలీదు. సందు ఎంత ఇరుకంటే, ఎదురింట్లో మిరపకాయలు వేగితే మేం తుమ్ముతాం. కింద వీధి గదిలో అత్తయ్య కుట్టుమిషను. వెనక గదుల్లో మా ఆయనా నేనూ. మేడ మీద బావగారి సంసారం. మామయ్య పోయాక ఆ వీధి గదిలో కూర్చునే అత్తయ్య ఇద్దరు కొడుకుల్నీ పెంచింది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, పాత కోటు తిరగేసి కుట్టడం ఆమె పని.

కొన్నేళ్ల కిందట ఆ వీధి గది గోడ ఇటుకలు పొడి రాలడం మొదలెట్టాయి. "చివికిన బట్టకి లైనింగ్ వేస్తే ఇంకో పదేళ్లు వస్తుంది. గోడకి మాత్రం ఎందుకు రాదు?" అని గోడంతా సిమెంటు పూయించేసింది. పేటంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

తర్వాత గోడకి చెమ్మ పట్టింది. మెల్లగా పొట్ట కూడా వచ్చింది.

"ఎన్నో నెలమ్మా మీ గోడకి?" అంది ఎదురింటి పిన్ని.

"నీ మొగుడి పొట్టకంటే చిన్నదేలే," అంది అత్తయ్య.

నవ్వులు ఎన్నాళ్లో సాగలేదు. మున్సిపల్ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. దారానికి కట్టిన ఇనుప గుండు పైనుంచి వేలాడదీసి గోడ ఎంత వంగిందో చూసింది. "వానలు మొదలయ్యేలోపు దీన్ని బాగుచేయించాలమ్మా. లేదంటే ఈ ముందు భాగం కూల్చేయాల్సిందే," అంది.

ముందు భాగమంటే అత్తయ్య గదే.

"కూల్చేద్దాం అమ్మా, పీడా పోతుంది," అన్నారు బావగారు. "ఈ వయసులో నీకు మిషనెందుకు? పైకొచ్చి హాయిగా కూర్చో."

"ఊరికే కూర్చుంటే తుప్పు పట్టేది మిషను కాదురా, నేను."

మర్నాడు మేస్త్రీ వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు. "అక్కా, ఇటుక తడి పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. నువ్వు పైన సిమెంటు బిగించేశావు. ఇక ఆ తడి ఎటు పోతుంది?"

అత్తయ్య తనూ గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. "అంటే మండుటెండలో మనిషికి రెయిన్‌కోటు తొడిగి గుండీలు పెట్టేశానన్నమాట."

"అంతే."

"మరి సిమెంటు పూసింది నువ్వేగా! అప్పుడే చెప్పవేం?"

"నేను చెప్తే నువ్వు విన్నదెప్పుడక్కా?"

"సరేలే. విప్పి కుడదాం."

పై అంతస్తుకి దుంగలు ఆనించి, సిమెంటు చెక్కించి, పొట్ట వచ్చిన చోట ఇటుకలు ఒక్కొక్కటే తీయించింది. పాత ఇటుకలు కదా, చేత్తో చేసినవి, దేని వంకర దానిదే. అందుకని కత్తిరించిన గుడ్డ ముక్కల మీద రాసినట్టు, ప్రతి ఇటుక మీదా టైలరు సుద్దతో గుర్తు పెట్టింది. ఏ వరసదో, ఎటు పైకో అన్నీ రాసింది.

మేస్త్రీకి ఆ గొడవేం పట్టలేదు. పేర్చే ముందు ఇటుక నానాలి కదా, అలవాటుగా అన్నిటినీ తొట్టిలో పడేశాడు.

తీసి చూస్తే ఒక్క గుర్తూ లేదు!

"ఓరి నీ దుంప తెగ! ఏం చేశావురా?"

"నీళ్లకి పోతుందని నాకేం తెలుసక్కా?"

"ఉతికితే పోవాలనే కదా ఆ సుద్ద!" అని తనే నెత్తి కొట్టుకుంది. పాతికేళ్లుగా వాడుతున్న సుద్ద మరి. గోడ కూడా తడుస్తుందని ఆమెకి తట్టలేదు.

పైన మబ్బు ఉరిమింది. అత్తయ్య మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. అన్నేళ్లలో ఆమె చేతులు ఖాళీగా ఉండగా చూడటం నాకదే మొదలు.

బావగారు మేడ మీంచి అంతా చూస్తూనే ఉన్నారు. కిందికొచ్చి, లుంగీ పైకి కట్టి, ఒక ఇటుక తీసి ఖాళీలో పెట్టి చూశారు. సరిపోలేదు. ఇంకోటి పెట్టారు.

"ఇదిక్కడిదే అమ్మా, చూడు, వంపు కలిసింది."

"తిరగెయ్. తలకిందులుగా పెట్టావు," అంది అత్తయ్య లేస్తూ.

ఇక మా ఆయన అందించడం, నేను కడగడం, అత్తయ్య ఏరడం, బావగారు పెట్టి చూడటం, మేస్త్రీ సున్నంతో అతకడం. పెద్ద వాన పడేలోపు గోడ నిలబడింది. ఇంజనీరమ్మ మళ్లీ వచ్చి గుండు వేలాడదీసింది. ఈసారి చాలాసేపు చూసింది.

"ఉంచుకోండి," అంది. "కానీ సిమెంటు మాత్రం దగ్గరికి రానివ్వకండి."

కొత్త సున్నం గీతలు ఎర్ర ఇటుకల మధ్య తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. బావగారు కాస్త దూరంగా నిలబడి చూసి, "మాసిక తెలిసిపోతోందమ్మా," అన్నారు.

"తెలియనీరా. చిరుగు కనిపిస్తే సిగ్గుగానీ, మాసికకేం?" అని అత్తయ్య లోపలికెళ్లి, మిషను మీద దుమ్ము దులిపి, వీధి తలుపు బార్లా తీసింది.