తేదీ లేని సంతకాలు

మా ఆఫీసులో ఎవరింట్లో శుభం జరిగినా శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా డబ్బా వస్తుంది. మూత తీయగానే బాగా కాగిన పాల వాసన, కొద్దిగా పొగ కలిసిన తీపి వాసన గదంతా పరుచుకుంటుంది. విరుదునగరులో ఈ ఆడిటరు దగ్గర చేరినప్పటినుంచి నేను దాన్ని ముట్టలేదు. షుగరా అని ఒకరు, మొక్కు ఏమైనా ఉందా అని ఇంకొకరు అడిగారు. నవ్వి డబ్బా పక్కవాళ్ళకు అందించాను. ఆ వాసనకు నాకు తీపి గుర్తు రాదు. నల్లరేగడి పల్లెల్లో ఇళ్ళ ముందు తిన్నెలు, వాటిమీద పెట్టిన పాల్కోవా డబ్బాలు, పక్కనే మడతపెట్టిన కాగితాలు గుర్తొస్తాయి. ఆ కాగితాల కోసం ఎండలో తిరిగిన ఆండాళమ్మ గుర్తొస్తుంది.

కోవిల్‌పట్టి బస్టాండు వెనక వీధిలో ఆమెకు టైపు, జిరాక్సు అంగడి ఉండేది. ఊరంతా ఆమెను టైపు ఆండాళ్ అనేది. నేను కాలేజీ చదువు ముగించి, ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని ఎక్కడైనా ఉంటుందా అని చూస్తున్న రోజుల్లో మా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. నాన్న దారపు మిల్లులో పనిచేసేవాడు. "మా పాపకు నోరు లేదమ్మా," అని నన్ను పరిచయం చేశాడు. ఆండాళమ్మ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "నోరుండే పిల్లోళ్ళు ఇద్దరు నాతో జగడం పెట్టుకొని పోయినారు. సేతులుండాయి గదా? ఉండనీ," అంది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుకున్నాం. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది ఆమే. గిరాకీ లేనప్పుడు నేను మూలన కూర్చుని డైరీ రాసుకోవడం చూసి ఏమీ అనలేదు. మర్నాడు ఆ మూలకొక బల్బు పెట్టించింది, అంతే.

ఆ మిల్లులో ఆమెకు కొద్దిపాటి వాటా ఉండేది. మిల్లు పెట్టిన కాలంలో చుట్టుపక్కల పల్లెల తెలుగు రైతులు పత్తి తోలి, కొంత డబ్బుకు బదులు వాటా కాగితాలు తీసుకున్నారు. మావాళ్ళు వాటిని 'పంగు' అంటారు. చాలా ఇళ్ళలో అవి దేవుడి పటాల పక్కన అద్దం కట్టి వేలాడుతుండేవి. ఏడాదికొకసారి విరుదునగరులో ఒక కల్యాణ మండపంలో వాటాదారుల సమావేశం జరిగేది. అంత దూరం వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్ళలేనివాళ్ళు తమ బదులు ఓటు వేయడానికి ఒకరిని నియమిస్తూ సంతకం పెట్టే కాగితాన్ని ప్రాక్సీ అంటారు. సమావేశానికి ముందు మిల్లు మనిషి ఒకడు పాల్కోవా డబ్బా, ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. ఎవరిని నియమిస్తున్నారో ఆ పేరు ఉండదు, తేదీ ఉండదు. పెళ్ళిపిలుపు అందుకున్నట్టు మర్యాదగా మజ్జిగ ఇచ్చి, సంతకం పెట్టి పంపేవాళ్ళు. తీపి పట్టుకుని గడప దాకా వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం మా పల్లెల్లో ఎవరికీ చేతకాదు.

ఆండాళమ్మ మాత్రం ప్రతి ఏడూ తానే వెళ్ళేది. నేను చేరిన ఏడు సంచీ మోయడానికని నన్నూ తీసుకెళ్ళింది. మండపంలో జనం వేదికను కాదు, తలుపు దగ్గర పేర్చిన స్టీలు టిఫిను డబ్బాలను చూస్తున్నారు. అవి వచ్చినవాళ్ళకు కానుకలు. ముదలాళి, అంటే మిల్లు యజమాని, లెక్కలు చదివించి "అంతేనా?" అన్నాడు. ఆండాళమ్మ లేచింది.

"మిల్లు ఎనక ఉండే స్తలాన్ని మీ బావమరిదికి బాడిగకు ఇచ్చినారే, బాడిగ ఎంతో ఇందులో యాల రాయలేదు?"

"ఆండాళమ్మా, ఆడ సాంబారు సల్లారిపోతుండాది," అన్నాడు ముదలాళి. మండపమంతా నవ్వింది.

"సల్లారనీ నాయనా. నేను పెరుగన్నం తినేదాన్ని."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక ఆయన జవాబు చెప్పక తప్పలేదు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తిరుగు బస్సులో సాత్తూరు దాటాక ఆమె అంది: "నవ్వితే నవ్వనీ. నవ్వినాక జవాబు చెప్పినాడు సూడు. అది సబ పుస్తకంలో ఎక్కుతుంది. మనకు అంతే కావల్సింది."

తర్వాతి ఏడు వచ్చిన నోటీసు ఆమె రెండుసార్లు చదివి నా చేతికిచ్చింది. మిల్లును భూమితో సహా వేరే కంపెనీకి అమ్మేయడానికి వాటాదారుల అనుమతి కావాలని అందులో ఉంది. ఆ కంపెనీ బావమరిదిదే. యంత్రాలు పాతవి, నడపడం నష్టం అని రాశారు. కొన్నవాడికి కావలసింది రోడ్డు పక్కనున్న భూమి అని ఊళ్ళో అందరికీ తెలుసు. మిల్లు మూతపడితే మా వీధిలో పొయ్యి వెలిగే ఇళ్ళు కొన్నే మిగులుతాయి. మా నాన్న వయసులో ఇంకెవరూ పని ఇవ్వరు.

"దీనికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాల," అంది ఆండాళమ్మ. "ముదలాళి ఇంటోళ్ళకు అంత లేదు. మిగతాది మన పల్లెల్లో గోడలకు వేలాడతావుండాది. దాంట్లో పెద్ద బాగం మనకు వస్తే అమ్మలేరు." తర్వాత నావైపు తిరిగింది. "ఆ ప్రాక్సీల్లో నీ పేరు రాపిస్తా."

అంతమందిలో లేచి మాట్లాడలేనన్నాను.

"మాట్లాడమని ఎవురు సెప్పినారు? ప్రాక్సీకి సబలో మాట్లాడే హక్కే లేదు. ఓటు వేసేదానికి మాత్రమే. ఈ సట్టం రాసినోడు నిన్ను సూసే రాసినాడు."

ఆ అంగడిలో నేను పైకి నవ్వింది అప్పుడే.

కడంబూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాం. బస్సు దిగాక చాలాచోట్ల నడకే. ఆండాళమ్మకు అప్పటికే ఆయాసం. వేపచెట్టు కనిపించిన చోటల్లా నిలబడి, నిలబడినట్టు కనిపించకుండా నాతో ఏదో మాట్లాడేది. రెంగసామి తాత ఇల్లు నాకు బాగా గుర్తు. ఆయన ఆమెకు చిన్నాయన వరస. ఆయన మనవడు కన్నన్ మా నాన్న పక్కనే మిల్లులో పనిచేసేవాడు. తాత కాగితం అంతా చదివించుకున్నాడు.

"తేదీ కూడా మీరే ఏయండి చిన్నాయనా," అంది ఆమె.

"మిల్లోడు ఇన్నేండ్లలో నన్ను తేదీ అడగలేదు. నీకు మాత్రం ఇంత సోద్యం యాల?"

"తేదీ లేకపోతే అది మీ కైయెళుత్తు కాదు, వాళ్ళది."

ఆయన గోడమీది క్యాలెండరు చూసుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, సంతకమూ తేదీ రెండూ వేశాడు. సంతకాన్ని మావాళ్ళు కైయెళుత్తు అంటారు. గడప దాకా వచ్చి, "మా కన్నన్ కోసరమే ఏసినాను. గెలిసి రాండి," అన్నాడు.

సమావేశం రోజు మండపం ఎప్పటికన్నా నిండుగా ఉంది. ఓట్లు పరిశీలించడానికి పెట్టిన కుర్రాడు ఎంతో మర్యాదగా నన్ను బల్ల దగ్గరకు పిలిచి, మా కాగితాల్లో చాలావాటిని పక్కకు నెట్టాడు. ఆ వాటాదారుల నుంచే ఇంకో ప్రాక్సీ వచ్చిందనీ, దానిమీద తర్వాతి తేదీ ఉందనీ, చివరిదే చెల్లుతుందనీ తమిళంలో మెల్లగా చెప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకదానిమీద రెంగసామి తాత సంతకం, ఆయన వంకర అంకెలతో తేదీ. ఇంకోదానిమీదా ఆయన సంతకమే. తేదీ మాత్రం మిల్లు గుమాస్తా గుండ్రటి చేతిరాత. మేము తిరిగి వచ్చిన వెనకే మిల్లు మనిషి ఎప్పటిలాగే పాల్కోవాతో వెళ్ళాడు. వాళ్ళు ఎప్పటిలాగే మజ్జిగ ఇచ్చి సంతకం పెట్టారు. మాకు పెట్టింది దాంతో రద్దవుతుందని ఎవరికీ తట్టలేదు. వాళ్ళకది ఇద్దరు అతిథులకూ మర్యాద చేయడం.

తీర్మానం గెలిచింది. ఆండాళమ్మ లేచి, "నేను ఒప్పుకోలేదని పేరుతో రాయండి," అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె మాట వినపడనట్టే ఎవరూ తల తిప్పలేదు.

కొన్ని నెలలకు యంత్రాలను విప్పి లారీల్లో తీసుకెళ్ళారు. నాన్న ఒక గోడౌనుకు కాపలాకు కుదిరాడు. కన్నన్ వెంబకోట్టై దగ్గర బాణసంచా పనికి వెళ్ళాడు. ఆ రోజుల్లోనే రెంగసామి తాత అంగడికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నీకు ఏసినాను, వాడికీ ఏసినాను. ఇంటికొచ్చినోణ్ణి ఎట్ల పంపేది? దాంతోనా ఆండాళూ, మిల్లు పోయింది?"

"ఆమా చిన్నాయనా, దాంతోనే," అంది ఆమె. "మీదీ, మీ మాదిరి ఏసినోళ్ళదీ. అవి నిలిచుంటే అమ్ముండలేరు."

ఆయన వెళ్ళిపోయాడు. నాకు మొదటిసారి ఆమె మీద కోపం వచ్చింది. "లేదని సెప్పుంటే ఏమి పెద్దమ్మా? పెద్దాయన గదా," అన్నాను.

"లేదంటే ఏమర్తం? ఆయన కైయెళుత్తుకు విలువ లేదని అర్తం. విలువుండాదని ఇన్ని పల్లెలు తిరిగి సెప్పినాను. ఓడిపోయినామని మాట మార్చేదా?" అని టైపు మిషను వైపు తిరిగింది. కానీ ఆ సాయంత్రం ఆమె ఏమీ టైపు చేయలేదు. డైరీలో నేను 'ఇంత కఠినం అవసరమా' అని రాసుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఆమె పోయింది. గుండె. ఊళ్ళో తలా ఒక పని మీద ఆమె దగ్గరకు వచ్చినవాళ్ళే అయినా, శ్మశానానికి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అంగడి గది ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. నేను విరుదునగరు వచ్చేశాను.

కన్నన్ పనిచేసే చోట బాణసంచా మందు పేలిందని నాన్న ఫోను చేస్తే, పల్లెకు వెళ్ళాను. శవాన్ని మూటగట్టి ఇచ్చారు, ముఖం చూపించలేదు. రెంగసామి తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరకు పిలిచాడు.

"ఆండాళు లేదు. నువ్వు సెప్పు. నా కైయెళుత్తే గదా వాణ్ణి ఆడికి తోలింది?"

"అట్లంటారా తాతా, వాడి తలరాత. మీరేమి సేసినారు?" అన్నారు పక్కనున్న ఆడవాళ్ళు. అందరూ నావైపే చూస్తున్నారు. వాళ్ళతో పాటు తల ఊపితే చాలు.

"మిల్లు పోయినదానికి మీ కైయెళుత్తు కూడా కారణమే తాతా," అన్నాను. ఎవరో నన్ను వెనక్కి లాగారు. "మందు పేలినదానికి కాదు. ఆ గదిలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ మందు పెట్టి, అంతమందిని లోపల కూర్చోబెట్టినోళ్ళ తప్పు అది. దాన్ని మీరు మోయొద్దు."

"అందరూ ఏమీ లేదంటారు. ఏమీ లేదంటే నేనెట్ల నమ్మేది?" అన్నాడు. అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు. పొద్దుటినుంచి ఆయన ఏడవలేదని ఎవరో చెప్పారు.

నేను చెప్పింది ఆయనకు మేలు చేసిందో కీడు చేసిందో నాకు తెలియదు. అడగడానికి పెద్దమ్మ లేదు. ఆమె నుంచి నాకు మిగిలింది ధైర్యమని చాలామంది అనుకుంటారు గానీ, కాదు. ఇప్పటికీ నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయమే. మిగిలింది ఒక్కటే: ఒక మనిషి చేసినదాన్ని జాలితో చిన్నది చేయకూడదు, కోపంతో పెద్దది చేయకూడదు, అది ఎంతో అంతే అతని ముందు పెట్టాలి. అది చేసిన ప్రతిసారీ, ఎవరి ఇల్లయినా, అక్కడినుంచి నేను ఒంటరిగా బయటికి వస్తాను.