దారం కట్టిన మాటలు

మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళు ఒకే అచ్చాఫీసులో, ఒకే కిటికీ పక్కన నిలబడి సీసం అక్షరాలు కూర్చింది. తండ్రి పోయాక చెల్లెల్ని, అంటే మా అమ్మని, ఆ జీతంతోనే చదివించింది. తన పనిలో అచ్చుతప్పు ఉందని ఎవరైనా అంటే ఇప్పటికీ కయ్యానికి కాలు దువ్వుతుంది.

అక్కడ ముఖ్యమైన పనులు రెండు. ఒకటి వారపత్రిక సీరియల్. రెండోది ఒక పెద్ద నవలా రచయిత్రి పుస్తకాలు. ఆవిడ మాటలు ఖర్చుపెట్టదని పనివాళ్ళు చాటున పొదుపమ్మ అనేవారు. "సీరియళ్ళు ఉల్లిపాయలు. కళ్ళు మండుతాయి గానీ కడుపు నిండదు" అని ఆవిడ ప్రతి సభలోనూ అనేది. జనం ప్రతిసారీ చప్పట్లు కొట్టేవారు.

సీరియల్లో వారానికొకరు ఏడవాల్సిందే, అదీ అవే మాటలతో. ప్రతిసారీ అక్షరాలు ఏరడం దండగని పెద్దమ్మ ఆ మాటల్ని విడగొట్టకుండా దారంతో కట్టి అరలో పెట్టుకుంది. "కన్నీరు మున్నీరైంది" నాలుగు కట్టలు, "గుండె చెరువైంది" ఆరు.

ఒకరోజు రెండు పనులూ ఒకేసారి నెత్తిన పడ్డాయి. పొదుపమ్మ రాతప్రతిలో "ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది" అని ఉంది. పెద్దమ్మ కన్ను "గుండె" దాకా చదివింది, చెయ్యి అరలోకి పోయింది. ప్రూఫులు దిద్దే ఆయన ఆవేళ సెలవు. "ఆమె గుండె చెరువైంది" అని వెయ్యి కాపీలు అచ్చయిపోయాయి.

"ఆవిడొస్తోంది. ఒక్క మాటన్నా సరే, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు యజమాని. చెల్లెలి చదువింకా సగంలోనే ఉంది.

పొదుపమ్మ ఆ కాగితం పట్టుకుని తిన్నగా కిటికీ దగ్గరికే వచ్చింది.

"గుండె చెరువైతే ఈదేదెవరమ్మా?"

పెద్దమ్మ దాచకుండా అర చూపించింది. సీసం అక్షరాలు అద్దంలోలా తిరగేసి ఉంటాయి కాబట్టి ఆవిడకి చదవడం రాలేదు. పెద్దమ్మే ఒక్కో కట్టా తీసి పైకి చదివింది. మూడో కట్టకి ఆవిడ పగలబడి నవ్వింది. తర్వాత యజమాని వైపోసారి చూసి గొంతు తగ్గించింది.

"ఈ వారమైనా ఆ పిల్లకి చూపొస్తుందా?"

సీరియల్లో కళ్ళు పోయిన పిల్ల సంగతి! పెద్దమ్మ నోరెళ్ళబెట్టింది.

"రాదమ్మా. ఇంకో ఆరు వారాలు లాగుతారు."

"నాకు తెలుసులే. అయినా మనసాగదు."

వెళ్తూ వెళ్తూ యజమానితో, "ఆ పేజీలు మళ్ళీ వేయించండి. ఈవిడే కూర్చాలి" అంది. పెద్దమ్మ కొలువు నిలబడింది. ఆనాటి నుంచి సీరియల్ సిరా ఆరని ప్రూఫు వారంవారం మడతపెట్టిన కవర్లో ఆవిడ ఇంటికి వెళ్ళేది. ఆవిడ మాత్రం సభల్లో ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. గడుసు మనిషి!

ఆవిడ చివరి నవల రాస్తుండగా భర్త పోయాడు. తర్వాత వచ్చిన రాతప్రతిలో ఓ ముసలామె మొగుడి కళ్ళు మూస్తుంది. "ఆమె" అని రాసి, పక్కన ఖాళీ వదిలి, అంచున చిన్నగా "నీ కట్ట పెట్టు" అని రాసింది. పెద్దమ్మ "గుండె చెరువైంది" కట్ట తెచ్చి పెట్టింది. ఆరోజు అక్షరాలు సరిగ్గా కనపడలేదట.

ఆవిడా పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆ నవల కొత్త ముద్రణ కొని తెచ్చాను. "గుండె చెరువైంది" లేదు. "రచయిత్రి ఇలాంటి మాట రాయదు. ఇది అక్షరాలు కూర్చిన కంపోజిటర్ చేసిన అచ్చుతప్పు" అని సంపాదకుడు కింద చిన్న అక్షరాల్లో రాశాడు. నాకు ఒళ్ళు మండింది. అంచున ఆవిడ రాసిన ఆ రాతప్రతి కాగితం పెద్దమ్మ పెట్టెలో దాచే ఉంచింది కదా, ఆయన మొహాన కొడదామన్నాను.

పెద్దమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది.

"వద్దులేవే. ఆ తప్పు నాదేనని ఉండనీ" అంది.