నల్లబడ్డ బాణం

మా ముత్తాత చేవెళ్ల పక్క ఊరికి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. మా తాత కుర్చీలో ఉంటే ఆయన ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ ఇంటి పేరు మోస్తున్నానని తల ఎత్తుకునే చెబుతాను. దానితోపాటు నాలుగేళ్లుగా మోస్తున్న మరో బరువును మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

మొయినాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తాను. మా ముందు కనిపించేది ఎక్కడో నగరంలో ఉన్న మరో కంప్యూటర్ తెర. ఒక దవాఖాన పాత కాగితాలు చూసి ఆ తెర మీది గడుల్లో పేర్లు, వయసులు ఎక్కించాలి. తెల్లటి గడుల మీదికి పోగానే మౌస్ బాణం మాయమయ్యేది. ఎక్కడ నొక్కుతున్నానో తెలియక ఒకరి వయసు మరొకరికి పడేది. అందరికీ ఇంతేనా? అడగలేదు. అడగడం నాకు చిన్నతనం.

"ఏం పటేలా, మల్ల బాణం పోయిందా? ఊర్ల డప్పు కొట్టియ్యాల్నా?" అని పక్క సీటు అనిత నవ్వేది. ఆమె తండ్రి మా తాత దగ్గర పాలేరుగా జీతమున్నవాడు. ఆ నవ్వు గుచ్చుకునేది. బాణాన్ని ఈమే మాయం చేస్తోందా? నన్ను ఇక్కడి నుంచి వెళ్లగొట్టాలనా? పని చేస్తున్నట్టే ఉండి ఆమె చేతులను కనిపెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి నా మౌస్ ఆమె చేతిలో ఉంది.

"ఏం చేస్తున్నవ్?"

"జర ఆగన్నా, నీకే మంచిగైతది."

ఆగలేదు. నా ఎంట్రీలు ఈమే చెడగొడుతోందని మేనేజర్‌కు చెప్పాను. ఒకరి సిస్టమ్ మరొకరు ముట్టకూడదు అక్కడ. "బాణం కనవడేటట్టు చేస్తున్న సార్" అన్నదామె. నా తప్పుల జాబితా ముందు ఆ మాట నిలవలేదు. సాయంత్రానికి ఆమెను పంపేశారు.

నా సీట్లో కూర్చుని మౌస్ కదిపాను. తెల్లటి గడి మీద బాణం నల్లగా, పెద్దగా కనిపించింది. రంగు మార్చింది. అంతే.

మేనేజర్ గది పది అడుగులు. ఎందుకు పోలేదు? జీతగాడి బిడ్డ నన్ను గట్టెక్కించిందని చెప్పడం కంటే ఆమె కడుపు కొట్టడమే తేలికైందా? అవును. ఆ రోజు నుంచి నా తప్పులు ఆగిపోయాయి. అదే ఆమె మీద సాక్ష్యమైంది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరు నవ్వినా, తెలిసే నవ్వుతున్నారా అని వెనక్కి చూస్తాను.

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో ఆమె వంట చేస్తోందని విని, పోయిన నెల వెళ్లాను.

"ఎవలొచ్చిన్రని చెప్పాలె?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

ముత్తాత నుంచి వరసగా పేర్లు చెప్పే నోటికి నా పేరు రాలేదు. తిరిగి వచ్చాను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు లేదు.

ఆ ఫామ్‌హౌస్ ఉన్న నాలుగెకరాలు మావి. మా బాపు అమ్మేశాడు.